ఏ మైక్రోకంట్రోలర్ కొనమంటారండీ?

ప్రశ్న అడిగినవాడికి వెంటనే జవాబు చెప్పేయడం కన్నా పెద్ద పాపం లోకంలో మరొకటి లేదు. ఈ మాట నేను గాలికి అనడం లేదు. ‘గోదావరి మైక్రోకంట్రోలర్ మిత్రమండలి’ అనే వాట్సాప్ గ్రూపుకి అడ్మిన్ హోదాలో, పూర్తి బాధ్యతతో అంటున్నాను.

జవాబు దొరికినవాడు ఏం చేస్తాడు? ఫోన్ జేబులో పడేసుకుని తన పని తను చూసుకుంటాడు. మరి జవాబు దొరకనివాడో? వెతుకుతాడు, చదువుతాడు, పదిమంది కాళ్ళావేళ్ళా పడతాడు, వినయం నేర్చుకుంటాడు. ఇందులో చదువు ఏదో మీరే చెప్పండి!

ఆ మధ్య మా గ్రూపులో ఒకాయన, చిన్న ఎల్ఈడీ దీపం వెలిగించడానికి ఎంత రెసిస్టర్ పెట్టాలండీ అని అడిగాడు. వేరే గ్రూపులోనైతే ఎవరో ఒకరు ఠక్కున చెప్పేసి ఆయన భవిష్యత్తు నాశనం చేసేవారు. మేం అలా చెయ్యలేదు. ‘ఓమ్స్ లా చదివారా?’ అని ఒకరు, ‘ఏ రంగు ఎల్ఈడీయో చెప్పకుండా అడగడమేంటండీ?’ అని మరొకరు, ‘ఈ ప్రశ్న ఇదివరకే వచ్చింది, పైకి జరుపుకుంటూ వెళ్ళి చూసుకోండి’ అని ఇంకొకరు ఆయన్ని చెయ్యి పట్టి నడిపించారు. ఆయన ఇప్పుడు డిస్టెన్స్‌లో ఫిజిక్స్ ఎమ్మెస్సీ చదువుతున్నాడు. దీపం ఇంకా వెలగలేదు. దీపానిదేముంది, పెళ్ళిపందిట్లో కూడా వెలుగుతుంది!

ఇంకొకావిడ మోటారు తిరగడం లేదని ఫొటో పెట్టింది. ఫొటోలో వైర్లన్నీ ఒకే రంగువి ఉన్నాయని మా పెద్దలు చీవాట్లు పెట్టారు. పాపం ఆవిడ వెళ్ళి ఎరుపూ నలుపూ పసుపూ తెచ్చి వైర్లన్నీ మళ్ళీ వేసుకుంది. మోటారు తిరగలేదు గానీ, చూడ్డానికి మాత్రం ముచ్చటగా ఉంది.

మాకు జవాబులు తెలియకే చెప్పడం లేదని కిట్టనివాళ్ళు అంటారు. అననివ్వండి. తెలిసినవాళ్ళు చెప్పకపోవడంలో గొప్పేముంది? తెలియకపోయినా చెప్పకుండా నెలల తరబడి చర్చ నడపడంలో ఉంది కౌశలం.

ఇంత చక్కటి వ్యవస్థకి ఫిన్నీ అనే లెక్కల మాస్టారు తెచ్చిపెట్టిన ముప్పు గురించి పాఠక మహాశయులకు చెప్పి హెచ్చరించడానికే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఫిన్నీది మొగల్తూరు దగ్గర ఓ పల్లె. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాడు. ఇంటి వెనకే రొయ్యల చెరువు. తండ్రి పోయాక చెరువు పనంతా ఫిన్నీ, వాళ్ళమ్మ సంపూర్ణమ్మ గారూ కలిసి చూసుకుంటున్నారు.

రొయ్యల చెరువుల సంగతి తెలియనివారికి ఒక్క మాట. చెరువులో ఏరియేటర్లని చక్రాలుంటాయి. కరెంటుతో తిరుగుతూ, నీళ్ళని చిలికి గాలి కలుపుతాయి. కరెంటు పోయిందంటే చక్రాలు ఆగుతాయి. వెంటనే జనరేటర్ వెయ్యకపోతే, అందులోనూ ముసురు పట్టిన రోజైతే, రొయ్యకి ఊపిరాడక పైకి తేలుతుంది. తేలిందంటే పంట చేజారినట్టే.

అందుకని సంపూర్ణమ్మ గారు ఏ పని చేస్తున్నా ఒక చెవి చెరువు మీదే ఉంచేవారు. చక్రాల చప్పుడు ఆగితే పరుగున వెళ్ళి జనరేటర్ తాళం తిప్పాలి. చెరువులో సీడు, అంటే రొయ్యపిల్లల్ని, వేసిన దగ్గర్నుంచీ ఆవిడ ఊళ్ళో చర్చికి కూడా వెళ్ళడం మానేశారు. స్త్రీల సమాజంలో పాట ఎత్తుకునేది ఆవిడే. ఇప్పుడు ఆదివారాలు ఎవరో ఎత్తుకుంటున్నారు, రెండో చరణానికల్లా శ్రుతి ఎటో పోతోంది, పాస్టరు గారు కళ్ళు మూసుకుని ప్రార్థనలోకి దిగిపోతున్నారు.

“నువ్వెళ్ళి రామ్మా, నేనుంటాను” అని ఫిన్నీ ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ వినేవారు కాదు.

“నీకేం వినపడద్దిరా, ఫోన్ చూస్తా కూచుంటావ్. నా చెవి దానికి అలవాటైపోయింది” అనేవారు. నవ్వుతూనే అనేవారు. ఇంటి ముందు నించి చర్చికి వెళ్ళే ఆడవాళ్ళని చూస్తూ ఆవిడ అలా నవ్వితే ఫిన్నీ మనసు చివుక్కుమనేది.

అందుకని మా గ్రూపులో చేరాడు. చేరిన రోజే అడిగాడు. ‘నమస్కారమండి. చెరువు దగ్గర కరెంటు పోతే చర్చి దాకా వినపడేలా సైరన్ మోగాలండి. ఏ మైక్రోకంట్రోలర్ కొనమంటారండీ? తెలియక అడుగుతున్నాను, తప్పయితే మన్నించండి.’

ఎంత పసందైన ప్రశ్న! మైక్రోకంట్రోలర్ అంటే గోరంత కంప్యూటర్. వాషింగ్ మెషీన్ దగ్గర్నుంచి లిఫ్టు దాకా అన్నింట్లోనూ ఉంటుంది. ఎన్ని రకాలున్నాయో దేవుడికే తెలియాలి. ఏది కొనాలని అడగడం అంటే మా గ్రూపు ముందు విస్తరి వేసి వడ్డించడమే.

ముందుగా శ్యాంబాబు గారు అందుకున్నారు. ఆయన రాజమండ్రిలో ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తారు. వైఫై ఉన్న బోర్డు కొనాలనీ, ఫోన్‌లో యాప్ పెట్టుకుంటే కరెంటు ఏ రోజు ఎంతసేపు ఉందో గ్రాఫ్ కూడా వస్తుందనీ చెప్పారు. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే దుర్గాసాయి గారికి ఒళ్ళు మండింది. థర్టీటూ బిట్ చిప్పు తప్ప మరోటి ముట్టుకోకూడదని ఆయన వాదన. పాలకొల్లులో రేడియోల కాలం నించీ సోల్డరింగ్ ఐరన్ పట్టిన అప్పాజీ గారు ఇద్దర్నీ కలిపి ఏకారు. పాత ఎయిట్ బిట్ చిప్పు మీద చెయ్యి తిరగనివాడు మనిషే కాదన్నారు. ఆ తర్వాత చర్చ మూడు వోల్టులా అయిదు వోల్టులా అన్నదాని మీదికి మళ్ళింది. మధ్యలో ఎవరో ఒకరి తమ్ముడి పెళ్ళి సంబంధం ప్రస్తావన కూడా వచ్చింది.

ఇంతమంది ఇన్ని అడిగారు గానీ, సైరన్ చర్చి దాకా ఎందుకు వినపడాలి, ఎవరి కోసం అని ఒక్కరూ అడగలేదు. మా ప్రాంతంలో మొగల్తూరుకి దారెటండీ అని అడిగితే ముందు ఎవరింటికండీ అంటాం. సర్క్యూట్లలో అలాంటి పల్లెటూరి అలవాట్లు పనికిరావు.

ఇక్కడ ఫిన్నీ ఒక పని చేశాడు. మా డెల్టాలో పుట్టినవాడు తప్ప మరొకడు చెయ్యడు. మా వాళ్ళకి దేవుడు అన్నీ ఇచ్చాడు గానీ ‘వద్దండీ’ అనే మాట ఇవ్వలేదు. పక్కింటి వాళ్ళు పంపిన కూర ఉప్పు కషాయమైనా బాగుందంటాం, బాగుందన్నాం కాబట్టి వాళ్ళు మళ్ళీ పంపుతారు, మళ్ళీ తింటాం. శ్యాంబాబు గారు చెప్పిన బోర్డు కొంటే దుర్గాసాయి గారు నొచ్చుకుంటారు. దుర్గాసాయి గారిది కొంటే పెద్దాయన అప్పాజీ గారి మాట తీసేసినట్టవుతుంది. ఎవర్నీ కాదనలేక ఫిన్నీ మూడూ కొనేశాడు.

కొన్న సంగతి గ్రూపులో పెట్టగానే మా పెద్దలు ఒకరి తర్వాత ఒకరు స్వయంగా బయల్దేరారు. రిక్వైర్‌మెంట్ కళ్ళారా చూడాలి కదా! చెరువు గట్టు మీద నిలబడి చూశారు. ఇంట్లో కూర్చుని ఆలోచించారు. ఆలోచిస్తే ఆకలేస్తుంది. సంపూర్ణమ్మ గారు వల వేయించి రొయ్యల ఇగురు వండి పెట్టారు. అది తిన్నాక ఇంకా లోతుగా చూడాల్సి ఉందని పై ఆదివారం మళ్ళీ వచ్చారు. శ్యాంబాబు గారు కుటుంబంతో సహా వచ్చారు.

“ఒరే అబ్బాయ్, ఆ గంటేదో మోగేలోపు చెరువు ఖాళీ అయిపోద్దేమోరా” అన్నారు సంపూర్ణమ్మ గారు, మసాలా నూరుతూ.

“పెద్దవాళ్ళమ్మా. మన కోసం అంత దూరం నించి వచ్చారు” అన్నాడు ఫిన్నీ.

“వస్తే రానీ. నేను వద్దన్నానేంటి? ఇంకో ముద్ద పెట్టుకోమను” అన్నారావిడ. ఆవిడకీ ఆ మాట రాదు.

మొత్తానికి యంత్రం తయారైంది. మొదటి బోర్డు కరెంటుని కనిపెట్టుకుని ఉంటుంది. రెండోది మొదటిది నిద్రపోకుండా చూస్తుంది. ఆ రెండింటికీ మాట తేడా వస్తే ఎవరిది నిజమో మూడోది తేలుస్తుంది. మూడు వోల్టుల బోర్డుకీ అయిదు వోల్టుల బోర్డుకీ భాష కుదరదు కాబట్టి వాటి మధ్య దుబాసీగా ఇంకో చిప్పు. వీటన్నింటినీ కలుపుతూ వైర్లు, వైర్లన్నింటికీ వేర్వేరు రంగులు. ఫిన్నీ ఫోన్‌లో యాప్ తెరిస్తే పచ్చటి అక్షరాలతో ‘అంతా సవ్యంగా ఉంది’ అని కనబడుతుంది. పరీక్ష కూడా పెట్టాం. వీడియో కాల్‌లో అందరం చూస్తుండగా, కరెంటుని కనిపెట్టే వైరు ఫిన్నీ ఊడబీకాడు. సైరన్ ఊరు దద్దరిల్లేలా మోగింది. గ్రూపు నిండా చప్పట్ల బొమ్మలు.

ఆ ఆదివారం ఫిన్నీ తల్లిని పట్టుబట్టి చర్చికి తీసుకెళ్ళాడు. ఆవిడ బీరువాలోంచి జరీ అంచు చీర తీసి కట్టుకున్నారు. ఆకాశం ముసురు పట్టి ఉంది. స్త్రీల వైపు ముందు వరసలో కూర్చున్న ఆవిడని చూసి పాస్టరు గారి ముఖం వికసించింది. ఆవిడే పాట ఎత్తుకున్నారు. ఆ గొంతు మళ్ళీ చర్చిలో వినపడుతుంటే, వెనక వరసలో ఫిన్నీకి తను ఇన్ని రోజులు పడ్డ తిప్పలన్నీ మర్చిపోవాలనిపించింది.

ప్రసంగం సగంలో ఉండగా కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి, మైకు మూగబోయింది. ఊరి లైను వేరు, చెరువుల లైను వేరు. ఒకటి పోతే రెండోది పోవాలని లేదు. ఫిన్నీ గబగబా ఫోన్ తీసి చూశాడు. అంతా సవ్యంగా ఉంది. సైరన్ మోగలేదు. హమ్మయ్య అనుకున్నాడు.

అప్పుడు ముందు వరసలోంచి సంపూర్ణమ్మ గారు లేచి నిలబడ్డారు. ఫ్యాన్లు ఆగిన ఆ నిశ్శబ్దంలో ఆవిడ చెవికి అందాల్సిన చప్పుడు అందలేదు. పాస్టరు గారు మాట్లాడుతూనే ఉన్నారు, ఆవిడ చెప్పులు కూడా వేసుకోకుండా గుమ్మం దాటేశారు. ఫిన్నీ లేచి వెంటపడ్డాడు. లేస్తూ లేస్తూ ఒకటి చూశాడు. పాస్టరు గారి వెనక గోడకి ఉన్న పాతకాలం ఎమర్జెన్సీ లైటు, ఎవరూ చెప్పకుండానే, దానంతటదే వెలిగి ఉంది.

వాళ్ళు వెళ్ళేసరికి చక్రాలు ఆగి ఉన్నాయి. గట్టు వెంబడి రొయ్య మీసాలు పైకి తేలుతున్నాయి. సంపూర్ణమ్మ గారు జనరేటర్ వేశారు. చక్రాలు మళ్ళీ తిరిగాయి. గట్టు పక్కన కొంత పోయింది గానీ, చెరువు దక్కింది. ఆవిడ జరీ అంచంతా బురద.

ఇంతకీ సైరన్ ఎందుకు మోగలేదు? ఆ మూడు బోర్డులకీ, దుబాసీకీ, వైఫై డబ్బాకీ, సైరన్‌కీ తిండి ఎక్కణ్ణించి? ఆ కరెంటు నించే. కరెంటు పోయిందని చెప్పాల్సిన యంత్రం, కరెంటు పోగానే అందరికన్నా ముందు తనే పోయింది. పరీక్ష రోజున ఊడబీకింది కనిపెట్టే వైరొక్కటే. తిండి పెట్టే వైరు జోలికి ఎవరూ పోలేదు. ఫోన్‌లో కనబడిన పచ్చటి అక్షరాలు యంత్రం కన్ను మూసే ముందు పంపినవి.

సంపూర్ణమ్మ గారు కాళ్ళు కడుక్కుంటూ, “నేను ఎళ్ళడమే తప్పులేరా. ఈ పంట అయిందాకా ఎళ్ళను” అన్నారు. తిట్టినా బాగుండేదనుకున్నాడు ఫిన్నీ. ఆ పూట అన్నం సహించలేదు.

జరిగింది గ్రూపులో పెట్టాడు. అందరం ఎంతో బాధపడ్డాం. పవర్ సప్లై తన సబ్జెక్టు కాదని దుర్గాసాయి గారు బాధపడ్డారు. బ్యాటరీ సంగతి అడిగితే చెప్పేవాణ్ణి కదా అని అప్పాజీ గారు బాధపడ్డారు. ఈ మూడింటికీ కరెంటు అందుతోందో లేదో చూడ్డానికి నాలుగో బోర్డు పెడితే సరిపోతుందని శ్యాంబాబు గారు పరిష్కారం కూడా సూచించారు. చూడ్డానికి ఆదివారం వస్తానన్నారు.

“వద్దండి” అన్నాడు ఫిన్నీ.

మా జిల్లాలో పుట్టి పెరిగిన మనిషి నోట ఆ మాట!

అతను మర్నాడు పాస్టరు గారిని అడిగి గోడ మీది ఎమర్జెన్సీ లైటు తెచ్చుకున్నాడు. నాలుగు స్క్రూలు ఊడదీసి చూశాడు. లోపల ఎక్కడా మైక్రోకంట్రోలర్ లేదు. ఒక బ్యాటరీ, రిలే అనే ఒక బుల్లి అయస్కాంతం ఉన్నాయి. కరెంటు ఉన్నంతసేపూ ఆ అయస్కాంతం స్విచ్చిని లాగి పట్టుకుంటుంది. కరెంటు పోతే పట్టు వదిలేస్తుంది. వదిలితే బ్యాటరీకి దీపం తగులుకుని వెలుగుతుంది. ఇందులో కనిపెట్టేవాడు లేడు, తీర్పు చెప్పేవాడు లేడు. ఫిన్నీ దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడట. నవ్వాలో ఏడవాలో తెలియలేదట.

చెరువుకి వచ్చేది మూడు ఫేజుల కరెంటు. ఫేజుకో రిలే చొప్పున పెట్టి, పాత బైకు బ్యాటరీకి సైరన్ తగిలించాడు. ఈసారి పరీక్షకి మమ్మల్ని పిలవలేదు. మెయిన్ ఫ్యూజే పీకి చూసుకున్నాడు.

తల్లిని మళ్ళీ చర్చికి ఒప్పించడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. తీరా ఆవిడ వచ్చిన ఆదివారం, రెండో పాట మధ్యలో సైరన్ కేకేసింది. ఆవిడ లేవబోయారు. అప్పటికే ఫిన్నీ గుమ్మం దాటుతూ, “నువ్వు పాడమ్మా” అని వెనక్కి తిరిగి సైగ చేశాడు. అతను జనరేటర్ వేసి గట్టు మీద నిలబడితే, చక్రాల చప్పుడు మీదుగా ఆవిడ గొంతు లీలగా వినపడింది. చరణం చివరిదాకా ఎక్కడా తెగలేదు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఎవరి చెరువు వాళ్ళిష్టం. కానీ ఆ మనిషి ఊరుకున్నాడా? ‘దీనికి మైక్రోకంట్రోలర్ అక్కర్లేదండి, రిలే చాలండి’ అని బొమ్మ గీసి మరీ గ్రూపులో పెట్టాడు. మైక్రోకంట్రోలర్ మిత్రమండలిలో మైక్రోకంట్రోలర్ అక్కర్లేదనడం! పిండివంటల పోటీలో నిలబడి మజ్జిగన్నం చాలనడం లాంటిది. అయినా కుర్రవాడు, తెలియక అన్నాడు లెమ్మని పెద్దమనసుతో క్షమించాను.

అసలు ఘోరం ఆ తర్వాత జరిగింది. వినీల అనే అమ్మాయి గ్రూపులో కొత్తగా చేరి, ‘మాది తణుకు దగ్గర కోళ్ళ ఫారమండి. కరెంటు పోయి ఫ్యాన్లు ఆగితే ఎండకి కోళ్ళు చచ్చిపోతున్నాయండి. అలారం పెట్టుకోవాలి. ఏ మైక్రోకంట్రోలర్ మంచిదండీ?’ అని అడిగింది.

మా పెద్దలు ముగ్గురూ చేతులు రుద్దుకుంటూ కూర్చున్నారు. శ్యాంబాబు గారు కోడికూర అంటే చెవి కోసుకుంటారు. ఇంతలో ఫిన్నీ దూరి, బొమ్మ పెట్టి, ఏ కొట్లో ఏం అడగాలో రాసి, ‘భయమేస్తే ఫోన్ చెయ్యండి, పక్కనుండి చెబుతాను’ అని నంబరు కూడా ఇచ్చాడు. ఆ వారం తిరక్కుండానే ఆ అమ్మాయి ‘మోగిందండి, థాంక్సండి’ అని పెట్టింది.

అంతే! అయిపోయింది! వేసవంతా గ్రూపుని పోషించాల్సిన ప్రశ్న చిటికెలో హరించిపోయింది. ఆ అమ్మాయికి చదువు రాలేదు, వినయం రాలేదు, మూడు వోల్టులకీ అయిదు వోల్టులకీ తేడా తెలియలేదు. దక్కినవి కోళ్ళు మాత్రమే.

పెద్దలంతా నాకు విడివిడిగా ఫోన్లు చేశారు. నేను అడ్మిన్ ధర్మం పాటించి ఫిన్నీని గ్రూపులోంచి తీసేశాను. కారణం కూడా రాశాను. ‘సభ్యులకు నేరుగా జవాబులు చెప్పి, వారి స్వయంకృషిని దెబ్బతీసినందుకు.’ చప్పట్ల బొమ్మలు వచ్చాయి.

అప్పట్నుంచి గ్రూపు ఎంతో ప్రశాంతంగా ఉంది. పొద్దున్నే గులాబీల బొమ్మలు, మధ్యాహ్నం మూడు వోల్టులు, సాయంత్రం అయిదు వోల్టులు. కొత్తవాళ్ళెవరూ ప్రశ్నలు అడగడం లేదు. జ్ఞానం అందరికీ సమంగా అంది ఉంటుంది.

మొన్న మా అత్తగారిని ఆసుపత్రి నించి ఇంటికి తీసుకొచ్చాం. గదిలో ఆక్సిజన్ మిషన్ పెట్టారు. కరెంటు మీద నడుస్తుంది. కరెంటు పోతే వెంటనే వెళ్ళి పక్కనున్న సిలిండర్ తిప్పాలి. మిషన్ పీ పీ మంటుంది గానీ, మా ఆవిడ లలితాంబ వంటింట్లో రోట్లో పచ్చడి దంచుతుంటే ఆ పీ పీ ఏ మూలకి? మొదటి రోజే అలా జరిగింది. దేవుడి దయ వల్ల నేను ఆ పక్కనించి వెళుతూ చూశాను. చూసేసరికి అత్తగారి పెదాలు నల్లబడి ఉన్నాయి.

నేను పెరట్లోకి వెళ్ళి, గొంతు తగ్గించి, ఫిన్నీకి ఫోన్ చేశాను. ఆ గ్రూపు అడ్మిన్నండి అన్నాను. తెలుసండి, చెప్పండి అన్నాడు. స్కూలు వదలగానే బస్సెక్కి పాలకొల్లులో మా ఇంటికి వచ్చాడు. గ్రూపు ఊసే ఎత్తలేదు. లోపలికొచ్చి, మా అత్తగారికి నమస్కారం పెట్టి, ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

“బెల్లు ఎవరికి వినపడాలండీ?”

ఇన్నేళ్ళలో మా గ్రూపులో ఎవరూ ఎవర్నీ అడగని ప్రశ్న అది. మా ఆవిడే ముందుకొచ్చి, “నాకు బాబూ” అంది.

వంటింట్లో పోపుల డబ్బాల పైన బెల్లు బిగించి, రోట్లో పచ్చడి దంచమని చెప్పి, మెయిన్ స్విచ్చి ఆపి, మా ఆవిడ పరుగెత్తడం కళ్ళారా చూసి, కాఫీ తాగి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి లలితాంబ చాలా రోజుల తర్వాత కంటి నిండా నిద్రపోయింది.

పొద్దున్నే నేను గ్రూపులో గులాబీ బొమ్మ పెడుతుంటే, మా ఆవిడ కాఫీ తెచ్చి పక్కన నిలబడింది.

“అంత పెద్ద గ్రూపు పెట్టుకున్నారు కదండీ. ఆ అబ్బాయిని అంత దూరం నించి రప్పించే బదులు అందులో అడక్కపోయారా?” అంది.

అమాయకురాలు. ప్రాణం మీదికొచ్చిన సంగతి ఎవరైనా గ్రూపులో అడుగుతారా?